నాలుగూ ఇరవై దగ్గర ఆగిన కారు గడియారం

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ సూర్యాపేటలో మా తాతయ్య గడియారాల దుకాణంలోనే గడిచేవి. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చేశాయి. టైమెంతయిందని అడిగితే జనం మణికట్టు చూసుకోవడం మానేసి జేబులో చెయ్యి పెట్టడం మొదలుపెట్టారు. చేతి గడియారాల పని సగానికి సగం పడిపోయింది. మా తాతయ్యకు మాత్రం తీరిక ఉండేది కాదు. పాత కార్లలో బిగించే గడియారాలు బాగుచెయ్యడం ఆ చుట్టుపక్కల ఆయనకే తెలుసు. హైదరాబాదులో పాత కార్లు దాచుకుని మురిసిపోయే పెద్దమనుషులు ఆ గడియారాలను గుడ్డల్లో చుట్టి, అట్టపెట్టెల్లో పెట్టి, బస్సు పార్సిల్లో ఆయనకు పంపేవారు.

వెనకటి రోజుల్లో చాలా కార్లకు గడియారం కంపెనీ నుంచి వచ్చేది కాదట. సరదా ఉన్నవాళ్లు విడిగా కొనుక్కుని బిగించుకునేవారు. ముందటి అద్దం దగ్గర వేలాడేవి కొన్ని, స్టీరింగు నడుమ కూర్చునేవి కొన్ని, డ్యాష్‌బోర్డులో ఇమిడేవి కొన్ని. ఏది కారుతో పాటు పుట్టిందో, ఏది తర్వాత వచ్చి చేరిందో చూసి చెప్పడం మా తాతయ్యకు సరదా. ఆయన ముందుగా గడియారాన్ని ముట్టుకునేవాడు కాదు. దాని చుట్టూ ఉన్న రేకును చూసేవాడు. ఆ రంధ్రం ఫ్యాక్టరీలో ఒక్కదెబ్బన కోసిందా, ఎవరో తర్వాత తొలిచి ఆకురాయితో రాసిందా అని వేలితో తడిమేవాడు. మరలన్నీ ఒకే జాతివా కావా అని చూసేవాడు. ఆ తర్వాతే గడియారం మీద చెయ్యి. అంకెల మీద ఆకుపచ్చ రంగు ఉంటే నన్ను గడప అవతల కూర్చోబెట్టేవాడు. చీకట్లో మెరవడానికి పూసిన రేడియం అది, గోకితే రాలే పొడి పిల్లలకు మంచిది కాదని ఆయన భయం.

నేను ఆరో తరగతిలోకి వెళ్లబోయే ఎండాకాలంలో మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు సేటు కబురు పంపాడు. తన తండ్రి నాటి కారు ఒకటి ఉందని, హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనకు తీసుకుపోతున్నానని, అందులో గడియారం ఒకసారి చూడాలని. తాతయ్య నన్ను కూడా వెంట తీసుకెళ్లాడు.

మిల్లు ముంగిట వడ్లు ఆరబోసి ఉన్నాయి. గాలిలో ఊక ఎగురుతోంది, ఉడికిన వడ్ల వాసన. లారీలు, బస్తాలు మోసే హమాలీలు. అటు పక్క గోదాములో టార్పాలిను కింద నల్లటి పెద్ద కారు. సేటుకు యాభై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడే మనిషి. టార్పాలిను తనే తీసి, తలుపు తెరిచి, డ్యాష్‌బోర్డు నడుమ ఉన్న గడియారాన్ని చూపించాడు. గుండ్రటి గడియారం, తెల్లటి ముఖం, కింద చిన్న బొడిపె. అది తిప్పితే కీ ఎక్కుతుంది, కిందికి లాగి తిప్పితే ముళ్లు జరుగుతాయి. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే రకమని తాతయ్య నాకు చెవిలో చెప్పాడు. ముళ్లు నాలుగూ ఇరవై దగ్గర ఉన్నాయి.

తాతయ్య బొడిపె మీద వేలు పెట్టబోతే సేటు ఆపాడు. "తిప్పొద్దన్నా. దుమ్ము తుడిచి, అద్దం మంచిగ చేసి, అది ఈ కారుదా కాదా చెప్పు. అంతే. ముళ్లు మాత్రం అట్లనే ఉండాలె. అది మా నాయన పానం పోయిన యాళ్ల."

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి విని నాకు ఆ ఎండలోనూ ఒళ్లు చల్లబడింది.

ముప్పై అయిదేళ్ల కిందట వాళ్ల నాన్న సాగర్ కాలువ పక్కనున్న తమ పొలానికి వెళ్లాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఛాతీలో నొప్పి వచ్చింది. డ్రైవరు ఆయనను వెనక సీట్లో పడుకోబెట్టి మిర్యాలగూడ దవాఖానకు బయల్దేరాడు. పొలం కావలివాడు స్వయంగా చెయ్యి పట్టి ఎక్కించాడు కాబట్టి ఒంటిగంట అన్నది ఖాయం. అరగంట దారి. కానీ వాళ్లు దవాఖానకు చేరింది సాయంత్రం అయిదు దాటాక, ఎవరిదో ఎడ్లబండి మీద. అప్పటికే ప్రాణం పోయింది. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. డ్రైవరేమో, బయల్దేరిన కాసేపటికే గేదె అడ్డం వస్తే తప్పించబోయి కల్వర్టు రాయికి గుద్దానని, తన కాలు విరిగిందని, ఆ ఎండలో సాయంత్రం దాకా ఆ తోవన ఒక్క మనిషి రాలేదని చెప్పాడు.

"కార్ల గడియారం చూస్తే నాలుగూ ఇరవైకి ఆగి ఉంది," అన్నాడు సేటు. "గుద్దిన దెబ్బకే ఆగింది గద. మరి ఒంటిగంట నుంచి నాలుగూ ఇరవై దాక వాడెక్కడున్నడు? దారిల వాళ్ల అత్తగారూరు. మా నాయనను కార్ల ఇడిచిపెట్టి, ఆడికి పొయ్యి తాగి పండిండు. మళ్లొచ్చి తోలేటప్పుడు గుద్దిండు."

గడియారం అసలే నడవదని డ్రైవరు మొత్తుకున్నాడట. అది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. సేటు వాళ్ల నాన్న అంతకు నెల ముందే దాన్ని కోదాడలో రిపేరు చేయించి తెచ్చాడు. డ్రైవరు విరిగిన కాలికి కట్టుతో ఉండగానే అతన్ని మిల్లు ముందు లారీల వాళ్లందరి ఎదుట కొట్టించారు. ఆ తర్వాత మిర్యాలగూడలో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. ఊరు విడిచి పోయాడు. అప్పుడు సేటుకు పద్నాలుగేళ్లు, హైదరాబాదు హాస్టల్లో చదువుతున్నాడు. తండ్రి మొహం చివరిసారి చూడలేదు. అందుకే ఏటా తద్దినం నాడు వచ్చి ఈ గడియారాన్ని చూసి పోతాడు.

తాతయ్య అంతా విని, కోదాడలో ఎవరి దగ్గర రిపేరు చేయించారని ఒక్కటే అడిగాడు. సేటుకు తెలియదు. గడియారం కారుతో వచ్చింది కాదని, రంధ్రం తర్వాత తొలిచిందని తాతయ్య తేల్చి, మరలు విప్పి దాన్ని బయటికి తీసి, తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చాడు.

ఆ వారమంతా ఆ డ్రైవరు నా తలలోంచి పోలేదు. మా వీధి పిల్లలందరికీ ఆ కథ చెప్పాను. చెప్పినప్పుడల్లా కొంచెం కలిపాను. డ్రైవరుకు ఎర్రటి కళ్లు పెట్టాను, చేతికి కల్లు ముంత ఇచ్చాను. లోపల ముసలాయన నీళ్లు నీళ్లని అరుస్తుంటే తలుపు మూసి పోయాడని కూడా చెప్పాను. పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. నాకు గొప్పగా అనిపించింది.

మిర్యాలగూడ వెళ్లొచ్చిన నాలుగో రోజో అయిదో రోజో, పొద్దున తాతయ్య ఆ గడియారాన్ని తెరిచాడు. నడిపించొద్దన్నా, అద్దం వెనక దుమ్ము తుడవాలంటే వెనక మూత తియ్యక తప్పదు. మూత తీసి పక్కన పెట్టి, కంటి అద్దం పెట్టుకుని లోపలికి చూశాడు. చిమ్టాతో ఏదో కదిపాడు. మళ్లీ చూశాడు. స్ప్రింగు ఉండే డబ్బీ ఖాళీగా ఉంది. విరిగిన ముక్క కూడా లేదు. శుభ్రంగా, తుడిచిపెట్టినట్టుగా ఉంది.

"స్ప్రింగు లేకుండ గడియారం ఎట్ల నడుస్తది తాతా?" అని అడిగాను.

"నడవది," అన్నాడు.

తర్వాత మూత తిప్పి చూశాడు. దాని లోపలి వైపు సన్నటి గీతలున్నాయి. గడియారాలు బాగుచేసేవాళ్లు తాము చేసిన పని, తేదీ, తమ గుర్తు మూత లోపల సూదితో గీసిపెడతారు. తర్వాత తెరిచినవాడికి తెలియడానికి. తాతయ్య కళ్లు అంత సన్నటి రాత చదవలేకపోయాయి. నన్ను వెలుతురులోకి తీసుకెళ్లి చదవమన్నాడు. తెలుగు అక్షరాలే. "స్ప్రింగు లేదు," అని చదివాను. కింద ముప్పై అయిదేళ్ల కిందటి తేదీ. దాని కింద ఒకే ఒక్క అక్షరం, చుట్టూ సున్నా.

ఆ అక్షరం, ఆ సున్నా నాకు తెలుసు. ఆ దుకాణంలో ప్రతి గడియారం మూత లోపలా అదే ఉండేది. మా తాతయ్య పేరులోని మొదటి అక్షరం అది.

మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. ఆయన మొహంలో రక్తం లేదు. నేను ఆయనను అట్లా ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసి, మూత ఆయన చేతిలో పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మెల్లమెల్లగా ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు నాకే చెప్పాడు, చెప్పడానికి అక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి. కోదాడలో ఉస్తాదు దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి. తెల్లటి పంచెలో ఒక పెద్దమనిషి కారు గడియారం తెచ్చాడు. స్ప్రింగు విరిగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి, నెలన్నా పడుతుంది. అప్పటిదాకా కారుకు బొక్క కనబడకుండా ఉత్త గడియారమే బిగించుకుంటానని ఆ పెద్దమనిషి అన్నాడు. ఉస్తాదు మూసి ఇచ్చెయ్యమన్నాడు. తాతయ్య విరిగిన ముక్క తీసేసి, డబ్బీ తుడిచి, మూతలో రాసి, మూసేశాడు. మూసేటప్పుడు గోడ గడియారంలో ఎంతయితే అంతకు ముళ్లు పెట్టడం ఆయన అలవాటు. ఆ సాయంత్రం నాలుగూ ఇరవై అయింది. నెలకు స్ప్రింగు వచ్చింది. పెద్దమనిషి మాత్రం మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో ఇన్నేళ్లలో ఎవరూ ఆలోచించలేదు.

అంటే డ్రైవరు చెప్పింది నిజం. ఆ గడియారం గుద్దితే ఆగలేదు. కోదాడ నుంచి తెచ్చాక అది నడిచిందే లేదు.

నేను వీధి పిల్లలకు చెప్పిన కథ అంతా నాకు ఒక్కసారి గుర్తొచ్చింది. కల్లు ముంత, ఎర్రటి కళ్లు. ఆ ఇబ్బందిలోంచి ఎట్లాగైనా బయటపడాలని, "తాతా, సేటు నడిపించొద్దనే అన్నడు గద. మళ్లీ మూసేస్తే అయిపోతది," అన్నాను.

తాతయ్య నా మీద కోప్పడలేదు. నా వంక చూసి, "ఆ డ్రైవరు బతికే ఉంటడేమో బిడ్డా," అన్నాడు.

ఆ మాటకు నేను అదిరిపోయాను. ఆ ఆలోచనే నాకు రాలేదు. నాకు ఆయన కథలో మనిషి. ఎక్కడో కూర్చుని అన్నం తింటూ, కుంటుకుంటూ నడుస్తూ ఉండగలడని నాకు తోచనేలేదు.

మరునాడు పొద్దున మొదటి బస్సుకే మళ్లీ మిర్యాలగూడ వెళ్లాం. సేటు ఇల్లు మిల్లు పక్కనే. ముందు గదిలో బల్ల మీద తెల్ల కాగితం పరిచి, తాతయ్య విప్పిన గడియారాన్ని, దాని పక్కన మూతను పెట్టాడు. దాచకుండా అంతా చెప్పాడు. మూసింది తానేనన్నది కూడా. సేటు ఆ రాత చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ముప్పై అయిదేండ్లయిందన్నా," అన్నాడు. "ఇప్పుడు ఎవరికేం లాభం? మూసియ్యి."

"మూస్త సేటూ. మూయనీకి ఎంతసేపు? ఒకసారి మూసినందుకే గిట్లయింది," అన్నాడు తాతయ్య.

లోపలి గుమ్మంలో ఎవరో నిలబడ్డ సంగతి అప్పుడు చూశాం. సేటు వాళ్ల అమ్మ. డెబ్బై అయిదేళ్లు దాటిన, బక్కపలచటి మనిషి. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. కొడుకును అడగకుండా నన్ను అడిగింది, "అండ్ల ఏం రాసుంది బిడ్డా?"

చదివాను. ఆమె నిలబడ్డ చోటే నేల మీద కూర్చుండిపోయింది.

"కొట్టుమని చెప్పింది నేనే," అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. "కాలు ఇరిగినోన్ని. నేనే చెప్పిన."

డ్రైవరు ఎక్కడున్నాడో కనుక్కుందామని సేటు ఫోను తీస్తుంటే, ఆమె తలెత్తి, "మేళ్లచెరువుల ఉంటడు. బిడ్డ టిఫిన్ల బండి పెట్టుకుంది," అంది. సేటు తల్లి వంక నమ్మలేనట్టు చూశాడు. అన్నేళ్లూ, శాపనార్థాలు పెట్టడానికైనా, అతను ఎక్కడున్నాడో ఆమె కనుక్కుంటూనే ఉందట.

సేటు జీపులో హుజూర్‌నగర్ మీదుగా బయల్దేరాం. మేళ్లచెరువు దగ్గరపడేసరికి చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. సిమెంటు లారీలు వరుసగా ఆగిన చోట రేకుల కింద టిఫిన్ల బండి. నలభై ఏళ్ల ఆడమనిషి పెనం మీద దోసెలు పోస్తోంది. పక్కన పీట మీద ఒక ముసలాయన, ఒక కాలు చాపుకుని, ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తెల్లటి తల, శుభ్రంగా గీసుకున్న గడ్డం. కళ్లు ఎర్రగా లేవు.

సేటు వాళ్ల అమ్మను ఆయన చూడగానే గుర్తుపట్టాడు. లేవబోయాడు, కాలు సహకరించలేదు. ఆమె జీపు పక్కనే ఆగిపోయింది. తాతయ్య ముందుకు వెళ్లి ఆయన ఎదురుగా కింద కూర్చుని, తానెవరో, అప్పుడేం చేశాడో, మూతలో ఏం రాశాడో ఒక్కొక్కటే చెప్పాడు. మూత ఆయన చేతిలో పెట్టాడు. ఆయన బొటనవేలితో ఆ గీతల్ని తడిమాడు. ఏడుస్తాడని, అరుస్తాడని, మమ్మల్ని తరుముతాడని నేను తాతయ్య వెనక దాక్కున్నాను.

"నాకు తెల్సు గద," అన్నాడాయన మామూలుగా. "నడవదని ఆనాడే సెప్పిన. మీకు ఇయ్యాల తెల్సింది."

పెనం మీద దోసె మాడుతోంది. కూతురు గరిటె పట్టుకుని అట్లాగే చూస్తోంది. ఆమె మొహం మారిపోయింది.

"అంటే నువ్వు తాగలేదా నాయినా?" అంది.

ఆ మాట ఆమె వెక్కిరింతగా అనలేదు. నిజంగా అడిగింది. నలభై ఏళ్ల కూతురు, తండ్రికి వండిపెట్టి, కాలికి నూనె రాసి, పక్కనే బతికిన కూతురు, ఊరి మాటే నమ్మి, తండ్రిని క్షమించి సాకుతోంది. ఆ సంగతి ఆయనకు తెలుసా అని అనుకున్నాను. ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆయనకు తెలుసు.

"నీకు మస్తుసార్లు సెప్పిన బిడ్డా," అన్నాడు మెల్లగా.

ఆమె గరిటె కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

తాతయ్య తల వంచుకుని, స్ప్రింగు లేదని ఒక చీటీ గడియారం బయట కూడా అంటించి ఉంటే ఇంత జరిగేది కాదని, తప్పు తనదేనని అన్నాడు. "నీదేం తప్పు సారూ?" అన్నాడు ముసలాయన. "నువ్వు లోపల రాసిపెడితివి. తెరిసి సూసినోళ్లు లేకపాయె." సేటు చేతులు జోడించి ఏమేమో ఇవ్వబోయాడు. ఇల్లన్నాడు, మిల్లులో ఉండమన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు సేటు వాళ్ల అమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె క్షమించమని అడగలేదు. "ఆయన ఆఖరికి ఏమన్న అన్నడా?" అంది.

ముసలాయన మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "అమ్మా, గీ మాట ఇన్నేండ్లకు అడిగినవా? దవాఖానల అడుగుతవనుకున్న. కొట్టేటప్పుడన్న అడుగుతవనుకున్న. ఒక్కనాడు గూడ అడగకపోతివి."

తర్వాత చెప్పాడు. గుద్దిన తర్వాత సేటు వాళ్ల నాన్నకు రెండు గంటల పైనే ప్రాణం ఉంది. స్పృహ ఉంది. నీళ్లు అడిగాడు. కాలువ రోడ్డుకు అవతల, కట్ట దిగితే ఉంది. విరిగిన కాలితో పాక్కుంటూ కట్ట దిగి, తువ్వాలు ముంచి, దాన్ని నోట కరుచుకుని మళ్లీ పాక్కుంటూ వచ్చి ఆయన నోట్లో పిండాడు. నాలుగుసార్లు పోయొచ్చాడు. అయిదోసారి వచ్చేసరికి ఆయన మాట్లాడలేదు.

నీళ్లు నీళ్లని అరుస్తుంటే తలుపు మూసి పోయాడని నేను చెప్పిన కథ. అక్కడ ఎవరికీ తెలియని ఆ తప్పు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"సెయ్యి పట్టుకొని ఒక్కటే మాట జెప్పిండు," అన్నాడు ముసలాయన. "పొద్దుగాల కోపాన అన్నం ముందటికెల్లి లేసి వచ్చిన. అది మనసుల పెట్టుకోవద్దని నా ఇంటిదానికి జెప్పు. గిదే మాట. రెండుసార్లు జెప్పిండు."

ఆమె నోటి నుంచి వచ్చిన శబ్దం నేను అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ పొద్దున వాళ్లిద్దరికీ కూరలో ఉప్పు గురించి మాటామాటా వచ్చిందట. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడట. ఆ సంగతి ఆమె కొడుకుక్కూడా చెప్పలేదు. ముప్పై అయిదేళ్లుగా, ఖాళీ కడుపుతో పోయాడని, తన మీద కోపంతో పోయాడని, ఆమె ఒక్కతే లోపల మోస్తోంది. ఆ బరువు దించే మాట ఏ మనిషి దగ్గర ఉందో ఆ మనిషినే కొట్టించి తరిమేసింది. ఆమె ఆ దుమ్ములో ముసలాయన పక్కన కూర్చుని, ఆయన చాపిన కాలి మీద చెయ్యి వేసి, చాలాసేపు అట్లాగే ఉంది. ఆయన ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

బయల్దేరేముందు ఆయన ఒక్కటే అడిగాడు. "ఏ జాగల తాగుబోతన్నరో, ఆ జాగలనే కాదని సెప్పున్రి. మిల్లు ముంగట. లారీల మంది ముంగట."

సేటు ఒప్పుకున్నాడు. వారం తిరగకముందే, పొద్దున బస్తాలు ఎత్తే వేళకు, మిల్లు ముందు అందరినీ నిలబెట్టాడు. ముసలాయన కూతురితో బస్సులో వచ్చాడు. మేమూ వెళ్లాం. సేటు మొత్తం చెప్పాడు. తన తల్లి కొట్టమన్నది కూడా దాచలేదు. ఆమె అరుగు మీద నిలబడి వింది.

నేను అనుకున్నట్టు అక్కడేమీ జరగలేదు. అదే నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఆ లారీ డ్రైవర్లలో, హమాలీల్లో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. ఈ ముసలాయన ఎవరని ఒకరినొకరు అడుక్కున్నారు. ఆ రోజు చూసినవాళ్లలో ఒకే ఒక్క పాత హమాలీ మిగిలాడు, ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఎవరి ముందు పరువు పోయిందో వాళ్లెవరూ లేరు. ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని చివరి మాట దాకా విన్నాడు. "సాలు," అన్నాడు. సేటు కారులో దింపుతానంటే వద్దన్నాడు. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా నడిపించుకుంటూ పోయింది. ఆమె అంత నెమ్మదిగా నడవడం ఆయన కాలి కోసమే కాదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

తాతయ్య ఆ గడియారానికి స్ప్రింగు వేసి నడిపించాడు. సేటు దాన్ని ప్రదర్శనకు తీసుకుపోలేదు, కారు ఒక్కటే పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ తాతయ్య పని సగంలో ఉన్న ఏ గడియారాన్నీ చీటీ అంటించకుండా బయటికి ఇవ్వలేదు. సేటు వాళ్ల అమ్మ ఇంకో మూడేళ్లు బతికింది. నెలకొకసారి మేళ్లచెరువు పోయి, ఆ టిఫిన్ల బండి దగ్గర కూర్చుని వచ్చేదని విన్నాను. ఏం మాట్లాడుకునేవారో తెలియదు.

నేను మాత్రం మేళ్లచెరువు నుంచి సూర్యాపేట తిరిగొచ్చిన రోజే వీధి పిల్లలను పిలిచి నా కథ అబద్ధమని చెప్పాను. తాతయ్య చెప్పమనలేదు. కల్లు ముంత నేనే కలిపానని ఒప్పుకున్నాను. ఇద్దరు నవ్వారు. ఒకడు, ఎర్రకళ్ల డ్రైవరు కథే బాగుందన్నాడు. ఒక అబద్ధం చెప్పడానికి పట్టిన సమయమెంత, దాన్ని వెనక్కి తీసుకోవడానికి పట్టే సమయమెంత అన్నది ఆ పదేళ్ల వయసులోనే నాకు తెలిసొచ్చింది. వాళ్లలో కొందరికి ఇప్పటికీ మొదటి కథే గుర్తుందేమో.

ఇప్పుడు నేను పెన్‌పహాడ్ వైపు ఒక బళ్లో పంతులమ్మను. నా పిల్లలకు ఈ సంగతి చెప్పాను, ఏదీ కలపకుండా చెప్పాను. బళ్లో వారానికొక ఫిర్యాదు వస్తుంది. ఫలానా పిల్లాడు తీశాడంటారు, ఫలానా పిల్ల కొట్టిందంటారు, సాక్ష్యం కూడా చేతికి తెచ్చిస్తారు. చూడగానే నమ్మబుద్ధయ్యేట్టుగా ఉంటుంది అది. నేను దాన్ని పక్కన పెట్టి, ఆ పిల్లనో పిల్లాడినో నా పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరిగిందమ్మా అని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరు ఆ రోజు చెప్పరు, మరునాడు మళ్లీ అడుగుతాను. అన్నిసార్లూ నాకు నిజం దొరికిందని చెప్పను. ఎన్నోసార్లు మోసపోయాను కూడా. తోటి ఉపాధ్యాయులు నవ్వుతారు. అయినా అడగకుండా మాత్రం ఎవరినీ ఇంటికి పంపను.